మెట్టెక్కిన కొద్దీ మారే నియమాలు: పాలమూరు సంస్థాన సభల్లో కొత్త అవధాని, ఆన్‌లైన్ గోల్ఫ్ ఆటతో ఒక పోలిక

వ్యాస సంగ్రహం: అవధాన పద్యాన్ని మన విమర్శ ఎక్కువగా కవిత్వపు తూకంతోనే తూచింది. అవధానాన్ని ఆటగా అంగీకరించినవారు సైతం ఆ ఆటలోని అంతస్తుల గురించి చర్చించింది తక్కువ. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థాన సభలకు కొత్తగా వచ్చిన అవధాని స్థితిని, ఆన్‌లైన్ గోల్ఫ్ ఆటలో అంతస్తులెక్కే కొత్త ఆటగాడి స్థితితో పోల్చి చూస్తే, తిరుపతి వేంకటకవుల 'నానారాజ సందర్శనము'లోని స్వాతిశయాన్ని మరొక విధంగా చదవడానికి వీలు కలుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అవధానం, సంస్థానం, పృచ్ఛకుడు, నానారాజ సందర్శనము, గోలకొండ కవుల సంచిక, హ్యాండీక్యాప్, ఆన్‌లైన్ గోల్ఫ్.

ప్రవేశిక

అవధానం కవిత్వమా, కసరత్తా అన్న ప్రశ్న పాతదే. కవిత్వమన్నవారు సభలో పుట్టిన మంచి పద్యాలను ఏరి చూపుతారు. కసరత్తన్నవారు అదే సభలో పుట్టిన పేలవమైన పద్యాలను ఏరి చూపుతారు. ఇరువురి దృష్టీ ఆట ముగిశాక మిగిలిన పద్యం మీదనే ఉంది. సి.వి. సుబ్బన్న శతావధాని 'అవధాన విద్య', రాపాక ఏకాంబరాచార్యులు 'అవధాన విద్యా సర్వస్వం' వంటి గ్రంథాలు ఈ ప్రక్రియ చరిత్రనూ లక్షణాలనూ సమకూర్చిపెట్టాయి. వాటి ఋణం తీరనిది. అయితే ఆ పునాది మీద అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. పేరు లేనివాడు, లేదా ఇంకొక చోట పేరున్నా ఇక్కడ ఎవరూ ఎరుగనివాడు, పృచ్ఛకుల నడుమ మొదటిసారి కూర్చున్నప్పుడు ఆ ఆట అతనితో ఎట్లా వ్యవహరించింది?

ఈ ప్రశ్నకు గోల్ఫ్‌ను తోడు తెచ్చుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలల విద్యార్థి గోల్ఫ్ మైదానం తొక్కి ఉండకపోవచ్చు. కాని ఫోనులో గోల్ఫ్ ఆడడానికి మైదానంతో పని లేదు. పోలికకు గోల్ఫ్‌నే ఎంచుకోవడానికి వేరే కారణం ఉంది. కొత్తవాడి బలహీనతను నియమావళిలోనే రాసి, దానికి అంకె కట్టిన ఆట అది. ఆ అంకె పేరు హ్యాండీక్యాప్. 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ విధానం ప్రకారం, ఆటగాడి ఇటీవలి 20 ఆటల్లో ఉత్తమమైన ఎనిమిదింటి ఆధారంగా దానిని లెక్కిస్తారు. గరిష్ఠ పరిమితి 54. బలహీనుడికి ఆ మేరకు దెబ్బలు మినహాయింపుగా దక్కుతాయి. అందువల్ల ఆరితేరినవాడూ కొత్తవాడూ ఒకే పందెంలో మర్యాదగా తలపడగలరు.

తెరమీది గోల్ఫ్ ఈ మర్యాదను చాలావరకు వదిలేసింది. మినహాయింపు స్థానంలో అంతస్తులు వచ్చాయి. వరల్డ్ గోల్ఫ్ టూర్ అనే ఆటలో అందరూ 'హ్యాక్' అన్న అట్టడుగు పేరుతో మొదలవుతారు. సగటు మెరుగుపడితే అమెచ్యూర్, ప్రో, మాస్టర్, లెజెండ్ అంటూ పైకి వెళతారు. పైకి వెళ్లినకొద్దీ బంతిని కొట్టే చోటు గుంతకు దూరమవుతుంది, గుంత చుట్టూ ఉన్న పచ్చిక మీద బంతి మరింత వేగంగా జారుతుంది. అంటే బాగా ఆడినందుకు లభించే బహుమానం, ఆట కఠినం కావడమే. ఒకసారి అంతస్తు మారాక మళ్లీ కిందికి దిగే వీలు లేదు. 2017లో వచ్చిన గోల్ఫ్ క్లాష్‌లో మరొక మెలిక ఉంది. ప్రతి పోటీకీ ఇద్దరూ నాణేలు పందెం కాయాలి, గెలిచినవాడు మొత్తం తీసుకుంటాడు. పై టూర్‌లో పందెం పెద్దది. అక్కడికి చేరిన కొత్తవాడి చేతిలోనేమో కింది టూర్‌కు సరిపోయిన కర్రలే ఉంటాయి. ఓడినకొద్దీ నాణేలు కరుగుతాయి. చివరికి అతడు కింది టూర్‌కు వచ్చి, గెలవగలిగిన చోట ఆడి, నాణేలు కూడబెట్టుకోవలసి వస్తుంది.

ఈ ఆటలు నేర్పే విషయం ఇది: కొత్తవాడి కష్టం ఆట కఠినంగా ఉన్నందువల్ల మాత్రమే కలగదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ నియమాలు మారుతున్నందువల్ల కలుగుతుంది. సంస్థాన సభను ఈ దృష్టితో చూడవలసి ఉంది.

మైదానాన్ని గీసినవారు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో గద్వాల, దాని ఎగువన ఆత్మకూరు, తూర్పున వనపర్తి, కృష్ణ ఒడ్డున జటప్రోలు, అనంతరం ఆ సంస్థానానికి రాజధానియైన కొల్లాపురం. ఈనాటి మూడు జిల్లాల పరిధిలో ఇన్ని సంస్థానాలు పక్కపక్కన ఉండడం తెలుగునాట అరుదు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న పేరు ఊరకే రాలేదు. కార్తీక, మాఘ మాసాల్లో అక్కడ విద్వత్సభలు జరిగేవి. వచ్చిన పండితుని యోగ్యతను పరీక్షించి సంభావన ఇవ్వడం ఆచారం.

ఆ పరీక్షకు గీటురాయి ఏది? ఆ సంస్థానాల సొంత సాహిత్యమే. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా 'చంద్రికాపరిణయము' రచించిన ప్రౌఢకవి. ఆయన ఆస్థానంలో ఎలకూచి బాలసరస్వతి మూడర్థాల కావ్యం 'రాఘవ యాదవ పాండవీయము' నిర్మించాడు. గద్వాలలో సోమభూపాలుడు తానూ కవియే. వనపర్తి ప్రభువుల్లో బహిరీ గోపాలరావుకు అష్టభాషల్లో ప్రవేశం ఉందని ప్రతీతి. పోషకుడే ఆటగాడైన చోట కొత్తవాడి పరిస్థితి ఊహించవచ్చు. శ్లేషలో, చిత్రకవిత్వంలో తరాలుగా ఆరితేరిన అభిరుచి అక్కడి మైదానాన్ని ముందే గీసిపెట్టింది. ఆ వంపులు తెలియనివాడు పద్యం ఎంత సాఫీగా చెప్పినా సభ తల ఊపదు. తూమాటి దొణప్ప 'ఆంధ్ర సంస్థానములు – సాహిత్య పోషణము'లో ఈ పోషణను విస్తారంగా నమోదు చేశారు. పోషణ అన్న పదం మాత్రం ప్రభువు వైపు నుంచి చూసిన పదం. కవి వైపు నుంచి చూస్తే అది పరీక్షయే.

కోస్తాలో శతావధానులు, గద్వాలలో కొత్తవారు

చర్ల బ్రహ్మయ్యశాస్త్రి శిష్యులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) కృష్ణ దాటి ఈ సంస్థానాలకు వచ్చేనాటికి అనామకులు కారు. శతావధానాలతో పేరు మోసినవారు. అయినా ఆ పేరు వారితోపాటు నది దాటలేదు. ఒక ఆటలో సంపాదించుకున్న అంతస్తు మరొక ఆటలో చెల్లనట్లు, ప్రతి సంస్థానంలోనూ వారు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. అయితే అక్కడ వారికి పెట్టే పరీక్ష మొదటి మెట్టుది కాదు. 'శతావధానులమంటున్నారు కదా' అని పై మెట్టు పరీక్షయే పెట్టేవారు. బిరుదు మినహాయింపులను తొలగించింది, గుర్తింపును మాత్రం తేలేదు. తెరమీది ఆటలో కూడా ఇంత కఠినత్వం లేదు. అక్కడ పై అంతస్తు ఆటగాడిని కనీసం పై అంతస్తు పేరుతోనే పిలుస్తారు.

అవధాన అంగాల స్వభావమూ దీనికి తోడైంది. సమస్య, దత్తపది, వర్ణన వంటివాటిలో పృచ్ఛకుడు అడిగి ఊరుకుంటాడు. నిషిద్ధాక్షరిలో అట్లా కాదు. అక్షరం అక్షరానికీ దారి మూస్తాడు. కవి వేయబోయే అక్షరాన్ని ఊహించి ముందే నిషేధిస్తాడు. అంటే మైదానం ముందుగా గీసి ఉన్నది కాదు, కవి నడుస్తున్నకొద్దీ ఎదుటివాడు గీస్తున్నది. అప్రస్తుత ప్రసంగి పని కవి ఏకాగ్రతను చెదరగొట్టడమే. ఎంత కఠినంగా అడగాలన్న దానికి లిఖిత నియమం లేదు. అది పృచ్ఛకుని సంస్కారానికి, ఆనాటి సభలోని గాలికి వదిలేసిన విషయం. స్థానిక పండితుడు పృచ్ఛకుడైనప్పుడు అతని పరువు కూడా పణంలోకి వస్తుంది. అతడూ ఆడుతున్నాడు. హ్యాండీక్యాప్ లేని ఆటలో బలవంతుడి దయయే హ్యాండీక్యాప్.

జంటగా ఆడడం ఈ స్థితికి వారు కనిపెట్టుకున్న ఉపాయమని నాకు తోస్తుంది. గోల్ఫ్‌లో ఇద్దరు ఒకే బంతిని వంతులవారీగా కొట్టే పద్ధతి ఉంది, దానిని ఫోర్‌సమ్స్ అంటారు. అక్కడ ఒకని తప్పును రెండోవాడు తర్వాతి దెబ్బతో సరిదిద్దాలి. ఈ కవులు సభలో పద్యాన్ని పంచుకున్న తీరు దీనికి చాలా దగ్గర. ఒకరు తడబడిన చోట రెండోవారు అందుకోగలరు. తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత సైతం వేంకటశాస్త్రి తన కృతులను జంట పేరుతోనే వెలువరించడాన్ని స్నేహధర్మంగా కొనియాడుతాం. న్యాయమే. అయితే ఒంటరిగా నిలబడే కొత్తవాడికి సభ ఎంత ప్రమాదకరమో ఎరిగినవారి వృత్తిధర్మం కూడా అందులో ఉంది.

స్వాతిశయం: అహంకారమా, ప్రవేశ రుసుమా?

'నానారాజ సందర్శనము' సంస్థానాల్లో ఈ కవులు ఆయా సందర్భాల్లో చెప్పిన పద్యాల సంపుటి. అందులో స్తుతి ఉంది, ప్రవేశం కోరడం ఉంది, ఆలస్యానికి ఎత్తిపొడుపు ఉంది, తమ శక్తిని తాము చాటుకోవడం విరివిగా ఉంది. మీసాలు పెంచి సవాలు చేసిన ఉదంతం లోకప్రసిద్ధం. వీటిని చదివినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి: ఒకటి 'పౌరుషం', మరొకటి 'అహంకారం'. రెండూ కవి స్వభావాన్ని గురించిన మాటలే. ఆట స్వభావాన్ని గురించినవి కావు.

పందెం కాయనిదే పోటీలోకి రానివ్వని ఆటను తలచుకుందాం. పరదేశి కవి చేతిలో నాణేలు లేవు, సిఫారసు లేదు, స్థానిక బంధుత్వం లేదు. పణంగా పెట్టడానికి ఉన్నది పరువొక్కటే. 'మేము ఇంతవారము, ఓడితే ఇది చేస్తాము' అన్న పద్యం ఆ పరువును బల్లమీద పెట్టడం. అప్పుడు గాని సభ కదలదు. అందువల్ల ఆ పద్యాలను కవి మనస్తత్వానికి సాక్ష్యంగా కాక ప్రవేశ రుసుముగా చదవాలని నా ప్రతిపాదన. ఇట్లా చదివితే ఒక విశేషం స్పష్టమవుతుంది. ప్రవేశం దొరకక ముందటి పద్యాల్లో గొంతు హెచ్చుతుంది, సత్కారం జరిగాక తగ్గుతుంది. అహంకారమే మూలమైతే సత్కారం తరువాత అది ఇంకా పెరగాలి కదా! వేంకటశాస్త్రి వార్ధక్యంలో రాసిన 'కథలు-గాథలు'లో ఇదే యాత్రలను వినోదంగా, తన మీద తానే నవ్వుకుంటూ తలచుకోగలగడానికి కారణం కూడా ఇదే కావచ్చు. రుసుము చెల్లించి చాలాకాలమైంది మరి.

ఈ చదువుకు పరిమితి లేకపోలేదు. తెరమీది ఆటలో ప్రత్యర్థి ముఖం కనబడదు. పందెం నాణేలు కొనుక్కోదగినవి, పోయిన పరువు కొనుక్కోదగింది కాదు. అదీగాక ఆ ఆట కొత్తవాడి ఓటమి నుంచి లాభం గడించే వ్యాపారం. సంస్థానానికి అటువంటి లాభం లేదు. పోలికను అంతకుమించి లాగితే తెగుతుంది.

నిచ్చెన మొదటి మెట్టు ఎవరిది?

కొత్తవాడి కష్టం గురించి ఇంత మాట్లాడుతున్నామంటే అతడు ద్వారం దాకా రాగలిగాడని అర్థం. సంస్కృత విద్య అందనివారు, ఆ విద్య అందే కులాల్లో పుట్టనివారు, స్త్రీలు ద్వారం దాకానే రాలేదు. వారికి అట్టడుగు అంతస్తు పేరు కూడా దక్కలేదు.

ఈ కారణంగానే 1934లో సురవరం ప్రతాపరెడ్డి వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక'ను ఈ చర్చలోకి తేవలసి ఉంది. ఈనాటి జోగులాంబ గద్వాల జిల్లా గడ్డ మీద పెరిగిన ప్రతాపరెడ్డికి సంస్థాన సభల వైభవం తెలియనిది కాదు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు ఆయన ఎంచుకున్న సమాధానం మరొక మహాసభ కాదు, ఒక మహావధాని కాదు. 354 మంది కవుల పద్యాలను అచ్చువేశారు. అక్కడ పృచ్ఛకుడు లేడు, ప్రత్యర్థి లేడు, సంభావన లేదు. పండితుని పక్కనే పల్లెటూరి పద్యకారుడు ఉన్నాడు, కవయిత్రులూ ఉన్నారు. పద్యాల నాణ్యత సమంగా లేదన్న విమర్శ సరైనదే. నా దృష్టిలో ఆ అసమానతయే సంచిక చేసిన గొప్ప పని. మెట్లు లేని చోట కొత్తవాడు ఏ మాదిరి పద్యం రాస్తాడో చూపే ఆధారం అంతకుముందు మనకు ఇంత విస్తారంగా లేదు. సంస్థాన సాహిత్యానికి కొనసాగింపుగా దీనిని చదివే అలవాటు ఉంది. సంస్థాన పద్ధతికి ఖండనగా చదవడమే సమంజసం.

అలంపురం గడియారం రామకృష్ణశర్మ (1919–2006) మరొక దారి చూపారు. ఆయన వేలూరి శివరామశాస్త్రి వద్ద శిష్యరికం చేసినవారు. శివరామశాస్త్రి శతావధాని. 'శతపత్రము' రాసిన శర్మ మాత్రం ఆ విద్యాబలాన్ని శాసనాల వైపు, చరిత్ర వైపు మళ్లించారు. మెట్లు తెలిసినవాడు మెట్లెక్కి తీరాలన్న నియమం లేదు.

1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల కథ ముగిసింది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడుస్తున్నది. కార్తీక సభల స్థానంలో ఇప్పుడు ఉన్నది తెరయే. కరోనా కాలం నుంచి అవధానాలు తెరమీద విరివిగా జరుగుతున్నాయి, పృచ్ఛకులు ఖండాంతరాల నుంచి అడుగుతున్నారు. కంది శంకరయ్య ప్రారంభించిన 'శంకరాభరణం' బ్లాగులో రోజుకొక సమస్య వచ్చేది. యతి తప్పిన కొత్తవాడి పూరణను దిద్ది, మళ్లీ రాయమనేవారు. ఆ దిద్దుబాటు గోల్ఫ్ హ్యాండీక్యాప్‌కు మనకున్న అతి దగ్గరి రూపం. దానిని ఇంతవరకు సాహిత్య చరిత్రలో భాగంగా లెక్కించలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలల్లో కందపద్యం మొదటిసారి కట్టే విద్యార్థుల నోటుపుస్తకాలను, వాటిలోని ఎర్రసిరా దిద్దుబాట్లతో సహా, ఎవరైనా పరిశోధక విద్యార్థి సేకరించగలిగితే, మొదటి మెట్టు మీది పద్యం ఎట్లా ఉంటుందో పోల్చి చూడడానికి సంచిక తరువాత మరొక ఆధారం దొరుకుతుంది.