సున్నం గోడకు సున్నమే మందు

మహనీయుల విగ్రహాన్ని ఏ కూడలిలోనైనా నిలబెట్టవచ్చు. వాళ్ళు బతికిన ఇంటిని మాత్రం మరోచోట కట్టలేం. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం జరిపించింది రాజమండ్రిలోని తన ఇంట్లోనే. ఊరు కత్తిగట్టిన రోజున ఆ సాహసం ఎంత చోటులో జరిగిందో, వీధికీ పెళ్ళిపీటలకూ మధ్య ఎంత దూరముందో ఇల్లు చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఇల్లే మ్యూజియమైన చోట బీరువాలో పెట్టిన వస్తువుల కంటే ముందు కాపాడుకోవలసింది గోడను. ఆ గోడకు మంచి చేయబోయి మనం పూస్తున్న సిమెంటే దానికి పెద్ద శత్రువని నా వాదన.

ఆ కాలపు పక్కా ఇళ్ళు ఎక్కువగా ఇటుకతో, సున్నంతో కట్టినవి. పునాదిలో తేమను ఆపే పొర ఉండదు కాబట్టి నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూతలో సన్నని రంధ్రాలుంటాయి. ఎక్కిన చెమ్మ వాటిగుండా ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకి పాకుతుంది, దానితో వచ్చిన ఉప్పు పూత వెనకే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. పైకి గోడ నున్నగానే ఉంటుంది. వేలి కణుపుతో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. కొన్నాళ్ళకు సిమెంటు పెచ్చు ఊడినప్పుడు దానితోపాటు ఇటుక ముఖం కూడా రాలిపోతుంది. సిమెంటు గట్టిది కదా అంటారు. చిక్కంతా ఆ గట్టిదనంతోనే. పూత ఇటుక కంటే మెత్తగా ఉంటే అరిగేది పూత. దాన్ని మళ్ళీ పూసుకోవచ్చు. పాత ఇటుకను ఎక్కడి నుంచి తెస్తాం?

సున్నం పని ఓర్పుతో కూడినది. సున్నపురాయిని 900 డిగ్రీల వేడిలో కాల్చి, నీళ్ళతో చల్లార్చి, గుంటలో వారాల తరబడి నానబెడతారు. తర్వాత ఇసుక కలిపి గానుగలో నూరుతారు. తెలంగాణలో డంగు సున్నం అనేది దీన్నే. వాన తగిలే చోట ఇటుక పొడి చేరుస్తారు. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతారు. నునుపు పూతకు కోడిగుడ్డు తెల్లసొన వాడతారు. తాపీకి వెన్నలా అంటుకుంటే పాకం కుదిరినట్టు. గోడను బాగా తడిపి, పలచని పొరలుగా పూసి, ఎండ తగలకుండా తడి గోనెలు కప్పుతారు. అప్పటి నుంచి అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెలల మీద మళ్ళీ రాయిగా మారుతుంది. సన్నని బీటలు పడితే, వాన నీటిలో కరిగిన సున్నమే వాటిలో చేరి పూడుస్తుంది కూడా.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌ను ఇలాంటి ఓర్పుతోనే బాగుచేశారు. ఏళ్ళ తరబడి పాడుబడ్డ ఆ అసఫ్ జాహీల నివాసం 2005లో సందర్శకులకు తెరుచుకుంది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం అందుకుంది. నిజాం వారసులకు చెల్లింది, చిన్న ఇంటికి అంత డబ్బెక్కడిదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే సున్నం పనిలో ఎక్కువ ఖర్చు సరుకుది కాదు, పనివాళ్ళ రోజులది. చిన్న ఇంటికి ఆ రోజులూ తక్కువే పడతాయి, ఏటా కాస్త చూసుకుంటే మరీ తక్కువ. తొలకరికి ముందే తూములు శుభ్రం చేయడం, పిట్టగోడలో రావి మొక్కను రెండాకుల మీదే పీకేయడం, విరిగిన పెంకు మార్చడం — వీటికి నిపుణులెవరూ అక్కర్లేదు. మేస్త్రీలు లేరన్న మాటా పూర్తిగా నిజం కాదు. 2013లో మొదలైన కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో సున్నం పనే పెద్ద భాగం. పని దొరికితే పనివాళ్ళూ నిలుస్తారు.

మారవలసింది ముందుగా ఇలాంటి ఇళ్ళ మరమ్మతుకు పిలిచే టెండరు కాగితం. పాత పూతను పరీక్షించి అదే పాళ్ళలో సున్నం వాడాలనీ, ఒక వానాకాలం గడిచి గోడ నిలిచాకే చివరి బిల్లు చెల్లిస్తామనీ అందులో రాయాలి.