గోడ మీద బొగ్గు గీతలు

మా వెలిగండ్ల వైపు పరామర్శకు ఒక పద్ధతి ఉంది. ఒట్టి చేతులతో పోకూడదు. నాలుగు బత్తాయిలో, బ్రెడ్డో, ఓ హార్లిక్స్ సీసానో పట్టుకుపోవాలి. గడప దాటగానే మంచం పక్కన కూలబడి "ఎంత పనైపోయిందమ్మా" అని చెంగు కళ్ళకద్దుకోవాలి. ఆ తర్వాత, అడిగినా అడక్కపోయినా, అదే జబ్బుతో పోయినవాళ్ళ కథ ఒకటి చెప్పాలి. "మా ఆడబిడ్డ తోడికోడలికీ ఇట్టాగే..." అని మొదలవుతుంది. ఆ కథ ఎక్కడికి పోయి తేలుతుందో మంచంలో ఉన్న మనిషికి ముందే తెలుసు.

కుడి రొమ్ము తీయించుకుని ఇంటికొచ్చిన వారంలో నేను అట్లాంటివి పదకొండు విన్నాను. వేరే పని లేదు కనక లెక్కపెట్టాను. పన్నెండో మనిషిని మా ఆశా కార్యకర్త వెంటబెట్టుకొచ్చింది. పామూరు వైపు మనిషి, అంతకుముందు ఎన్నడూ చూసిందాన్ని కాదు. పండ్లేమీ తేలేదు. చంకలో చిన్న గుడ్డసంచి మాత్రం ఉంది. తలుపు దగ్గరికేసి, కుర్చీ లాక్కుని అడిగింది: "డబ్బాలోకి రోజుకి ఎంత పడతంది?"

తెలియనివాళ్ళకు ఆ డబ్బా సంగతి చెప్పాలి. రొమ్ముతోపాటు చంకలోని గ్రంథులు కూడా తీసినప్పుడు ఆ ఖాళీలో నీరు ఊరుతుంది. అది బయటికి రావడానికి సన్నటి పైపు పెట్టి, చివర ఓ ప్లాస్టిక్ డబ్బా తగిలిస్తారు. రోజూ కొలిచి రాసుకోవాలి. ఇరవై నాలుగు గంటల్లో పడేది 30 మిల్లీలీటర్ల లోపుకు దిగితే మామూలుగా పైపు తీసేస్తారు. నేను దాన్ని కుచ్చిళ్ళలో దోపుకుని, ఎవరన్నా వస్తే దుప్పటి కప్పుకుని తిప్పలు పడుతున్నాను. ఆమె తెచ్చిన గుడ్డసంచి దానికే. మెడలో వేసుకునేటట్టు పొడుగు తాడుతో కుట్టింది, తను వాడుకున్నదే.

"లేని రొమ్ము దురద పెడతందా?" అని అడిగింది తర్వాత. నాకు ఏడుపొచ్చింది. నాలుగు రోజులుగా పెడుతోంది. పిచ్చెక్కుతోందనుకుని మా ఆయనకు కూడా చెప్పలేదు. "పెడతది. కొన్నాళ్ళకి తగ్గుద్ది. తగ్గకపోయినా అలవాటైద్ది" అంది. పోయే ముందు లేచి, మా అటక మీదున్న చాట అందుకుని కిందికి దించి, మళ్ళీ ఎత్తి అక్కడే పెట్టింది. ఏ వైపు ఆపరేషన్ అయిందో అంతకుముందే చెప్పింది కనక, ఏ చెయ్యి లేచిందో నేను చూశాను.

ఇట్లా జబ్బుపడి లేచిన మనిషే వచ్చి పలకరించే ఈ పనికి ఒక చరిత్ర ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆమెకు రొమ్ము తీసేశారు. ఆదాయపన్ను పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న జె.కె.లాసర్ భార్య. అప్పట్లో చేసే ఆపరేషన్‌లో రొమ్ము కిందున్న ఛాతీ కండరాలు కూడా కోసేసేవారు. చెయ్యి ఎట్లా ఎత్తాలో, రవికె లోపల ఏం పెట్టుకోవాలో, మొగుడికి ఎట్లా చెప్పాలో ఆమెకు చెప్పిన నాథుడు లేడు. తను తేరుకున్నాక, కొత్తగా ఆపరేషనైన ఆడవాళ్ళ మంచాల దగ్గరికి తనే పోవడం మొదలుపెట్టింది. డాక్టరు కానిదానికి ఇక్కడేం పనని మొదట్లో వైద్యులు చిరాకుపడ్డారు. ఆమె మానలేదు. 'రీచ్ టు రికవరీ' అని ఆమె పెట్టిన ఆ ఏర్పాటును 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తనలో కలుపుకుంది, తర్వాత అది సముద్రాలు దాటింది. ఆ పేరులో మొదటి మాటకు చెయ్యి చాపి అందుకోవడమని అర్థం. మా అటక మీది చాట గుర్తొచ్చింది నాకు.

లాసర్ సంప్రదాయంలో కొత్త మనిషికి ఇచ్చే సంచిలో ఓ చిన్న రబ్బరు బంతి, ఓ తాడు, రవికెలో పెట్టుకోవడానికి ఓ మెత్త ఉండేవట. బంతి పిసకడానికి. తాడు తలుపు మీదుగా వేసి, మంచి చేత్తో లాగుతూ రెండో చేతిని పైకి లేపడానికి. మాకు తాడంటే గిలక. మా పెరటి బావి ఎండి ఎన్నో ఏళ్ళయింది, బోరొచ్చాక దానివైపు చూసినవాళ్ళు లేరు, గిలక మాత్రం ఉంది. పైపు తీసి డాక్టరు సరేనన్నాక బొక్కెన లేకుండా ఒట్టి తాడుతో ఆ గిలక మీద నేను తోడిన గాలి మా ఊరికంతా సరిపోతుంది.

అంతకన్నా బాగా పనికొచ్చింది బొగ్గుముక్క. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళను సాలీడులాగా మెల్లగా పైకి నడిపించాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత. మర్నాడు మళ్ళీ. మొదటి గీత నా భుజం కిందనే పడింది. వారానికి ముక్కు దాకా, మూడో వారానికి దీపపు గూటి దాకా, నలభయ్యో రోజుకి క్యాలెండరు మేకు దాకా పోయాను. ఇందులో అందం కోసం చేసేదేమీ లేదు. ముందు ముందు కరెంటు పెట్టేటప్పుడు (మా వైపు రేడియేషన్‌ని అట్లాగే అంటారు) చెయ్యి తలపైకెత్తి కదలకుండా పడుకోవాలి. ఎత్తలేకపోతే ఆ బల్ల మీద పడుకోవడమే కుదరదు. ఈ ముక్క ఆసుపత్రిలోనూ చెప్పే ఉంటారు. అయితే ఆపరేషనైన రెండో రోజు చెప్పిన మాట ఎవరి చెవికెక్కుతుంది?

ఆరేళ్ళుగా నేనూ ఆ పామూరామె పనే చేస్తున్నాను. అడిగిన ఇంటికి పోతాను. పని అంటున్నాను, ఎందుకంటే ఇది కుట్టుపనిలాగా నేర్చుకోవాల్సిందే. జబ్బుపడి లేచినంత మాత్రాన వచ్చెయ్యదు. చెడగొట్టి నేర్చుకున్నాను. రెండో ఇంట్లోనో మూడో ఇంట్లోనో గొప్పగా "నాకూ ఇంతేనమ్మా, చూడు ఎట్టుండానో" అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, "అక్కా, నీది రొమ్ముతో పోయింది. నాది ఎముకల్లోకి పోయింది" అంది. ఆ రోజు కనిగిరి దాకా ఆటోలో ఎట్లా వచ్చానో గుర్తులేదు. అప్పట్నుంచీ "డాక్టరేం చెప్పాడు, నీకేం అర్థమైంది?" అని అడక్కుండా నా సంగతి ఎత్తను. "ఏం కాదు" అనే మాట మానేశాను. అది ఊరికే నోట్లోంచి జారేస్తుంది, నాలుక కరుచుకోవాలి.

ఒకే పేరున్న జబ్బే గాని ఒకే జబ్బు కాదు. రిపోర్టులో ఈఆర్, పీఆర్, హర్2 అని ఉంటాయి. వాటిని బట్టి ఒకరికి ఐదేళ్ళో పదేళ్ళో మింగాల్సిన మాత్ర ఉంటుంది, ఇంకొకరికి ఆ మాత్రతో పనే ఉండదు. "ఆమెకి ఆరు సెలైన్లయితే (కీమోని మా వైపు అట్లాగే అంటారు) నాకెందుకు ఎనిమిది?" అని అడుగుతారు. నీ డాక్టర్నే అడుగు, కావాలంటే నీ పక్కన కూర్చుంటానంటాను. లక్ష్మణఫలం ఆకు కషాయం గురించి అడిగినా అదే జవాబు.

మరి మేం చెప్పేదేమిటి? చిన్నవే. కీమోలో ఇచ్చే ఎర్ర మందు ఎక్కిన రోజున మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఒక రాత్రి నిద్ర దక్కుతుంది. రెండు మూడు వారాల్లో జుట్టు దువ్వెనకి రావడం మొదలవుతుంది, ఆ లోపే పొట్టిగా కత్తిరించుకుంటే దిండు మీద చూసి గుండె జారదు. గ్రంథులు తీసిన వైపు చెయ్యి ఎప్పుడైనా వాచొచ్చు కనక బీపీ చూసేవాళ్ళకి రెండో చెయ్యివ్వు. సర్కారు తుమ్మ కొడితే ఆ చేతికి మందపాటి గుడ్డ చుట్టుకో, ముల్లు దిగితే పసుపు రాసి ఊరుకోక చూపించుకో. మిరపకోతకి పోతే ఆ భుజానికి మూట ఎత్తుకోకు. సెలైన్ ఎక్కించుకుని రాత్రి బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు, రెండు కవర్లు, తడిగుడ్డ. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పుణ్యాన ఆపరేషన్ ఖర్చు తప్పిన ఇళ్ళు మా వైపు ఉన్నాయి. కవర్ల సంగతి మాత్రం ఏ కార్డూ చెప్పదు.

ఇంత చెప్పేదాన్ని, చాలా ఇళ్ళకి దొంగలాగే పోవాల్సి వస్తుంది. "ఎవరన్నా అడిగితే పొదుపు సంఘం నుంచి వచ్చానని చెప్పక్కా" అని ఫోన్లోనే షరతు పెడతారు. కూతురికి సంబంధాలు రావేమోనని భయం. రొమ్ము క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల కలిగేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమేనని చెప్పినా, పెళ్ళిళ్ళ పేరయ్యకి శాతాలెవరు చెప్తారు? 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో దాదాపు 1,92,000 మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని ప్రపంచ లెక్కల్లో ఉంది. మా వైపు ఏ ఊళ్ళో అడిగినా, వాళ్ళ ఊళ్ళో మాత్రం ఒక్కరూ లేరు.

మాకు ఆనుకునే ఉన్న నెల్లూరు జిల్లాలో, దూబగుంటలో, చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టి 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా ఆపించారు. కూర్చోవడం మాకు కొత్తేమీ కాదు. మొగుడి తాగుడు గురించి బజార్లో అరిచినవాళ్ళే తమ రొమ్ము దగ్గరికొచ్చేసరికి గొంతు దించేస్తారు.

ఈ దాచుకోవడం మీద అమెరికా రచయిత్రి ఆడ్రీ లార్డ్ మండిపడింది. ఆమెకు 1978లో రొమ్ము తీశారు. పలకరించడానికి వచ్చిన రీచ్ టు రికవరీ మనిషి గొర్రెబొచ్చు కూరిన లేత గులాబీ మెత్త ఇచ్చి, పెట్టుకుంటే ఎవరికీ తెలియదంది. లార్డ్ నల్లజాతి మనిషి, ఆ గులాబీ రంగు ఎవరి ఒంటి రంగో ఆమెకు అర్థమైంది. తర్వాత డాక్టరు దగ్గరికి మెత్త లేకుండా పోతే, ఇట్లా వస్తే మిగతావాళ్ళ మనసు చెడుతుందని నర్సు మందలించింది. అందరం మెత్తలు పెట్టుకుని దాచుకుంటే ఒకరినొకరు గుర్తుపట్టేదెట్లా అని 1980లో వచ్చిన 'ద క్యాన్సర్ జర్నల్స్' పుస్తకంలో నిలదీసింది.

నేను ఆమె పక్షం సగమే. ఒకవైపు బరువు లేకపోతే భుజం ఎగదన్నుతుంది, మెడ లాగుతుంది, పొలం పని చేసేవాళ్ళకి అది చిన్న బాధ కాదు. నేనూ పాత నూలు చీర ముక్కతో మెత్త కుట్టుకున్నాను. దూది మరీ తేలికగా ఉందని బరువుకి పిడికెడు సజ్జలు పోశాను. చెమటకి నానాయో ఏమో, ఓ పెళ్ళిలో బంతిలో కూర్చున్నప్పుడు రవికెలోంచి పురుగు పాకుతూ బయటికొచ్చింది. ఇప్పుడు గాజుల అంగట్లో దొరికే పూసలు పోస్తున్నాం. మిషను కుట్టే పిల్ల రవికె లోపల జేబు పెట్టి, హుక్కులు ముందుకి తెచ్చి ఇస్తుంది. బయటికి పోతే పెట్టుకుంటాను, ఇంట్లో తీసేస్తాను. నా దగ్గరికొచ్చినవాళ్ళకి నా ఛాతీ చదునుగానే కనబడుతుంది.

క్యాన్సర్ పడిన మన ఆడవాళ్ళ పేర్లు ఆసుపత్రుల బోర్డుల మీదికి ముందే ఎక్కాయి. ఎన్.టి.రామారావు భార్య బసవతారకం క్యాన్సర్‌తో పోయాక ఆమె పేరున హైదరాబాదులో ఆసుపత్రి 2000లో తెరిచారు. డాక్టర్ రఘురామ్ ఈ జబ్బును ఎదుర్కొన్న తల్లి ఉషాలక్ష్మి పేరున 2007లో ఫౌండేషన్ పెట్టారు. నాకు జరిగిందని స్వయంగా నోరు విప్పి చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ. నటి గౌతమి చెప్పింది. ముప్పై ఐదేళ్ళ వయసులో గడ్డను తనే తడిమి కనుక్కుంది, తర్వాత లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టి ఇతరుల కోసం తిరిగింది. 2021 డిసెంబరులో ఇంకో నటి హంసానందిని గుండుతో ఉన్న ఫోటో బయటపెట్టింది. వాళ్ళమ్మ ఇదే జబ్బుతో పోయింది. నేను పోయిన ఓ ఇంట్లో, తల్లికి జుట్టు రాలుతుంటే పదో తరగతి పిల్ల ఫోన్‌లో ఆ ఫోటో చూపించి, "అమ్మా, 'మిర్చి'లో డాన్సు చేసినామె" అంది. తల్లి ఫోన్ లాక్కుని చాలాసేపు చూసింది. నేను గంటసేపు చెప్పినదానికన్నా అది ఎక్కువ పనిచేసింది, ఒప్పుకోవాలి.

ఇట్లా పోయి పక్కన కూర్చోవడం వల్ల ఆయుష్షు పెరుగుతుందా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. 1989లో డేవిడ్ స్పీగెల్ అనే డాక్టరు, జబ్బు ముదిరిన ఆడవాళ్ళలో వారం వారం కలిసి కూర్చున్నవాళ్ళు మిగతావాళ్ళకన్నా సగటున ఏడాదిన్నర ఎక్కువ బతికారని 'లాన్సెట్'లో రాశాడు. అందరూ సంబరపడ్డారు. 2001లో కెనడాలో 235 మందితో మళ్ళీ చూస్తే బతికిన కాలంలో తేడా లేదు. దిగులూ నొప్పీ మాత్రం తగ్గాయి, అదీ ముందు నుంచి ఎక్కువ కుమిలిపోతున్నవాళ్ళకి. నాకు ఈ రెండో లెక్కే నచ్చింది. ఎముకల్లోకి పోయిన ఆమె దగ్గరికి నేను తర్వాత తొమ్మిది సార్లు పోయాను. ఆయుష్షు గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఎక్కువగా వాళ్ళ గేదె గురించి మాట్లాడుకున్నాం.

కిందటి నెల పోయిన ఇంట్లో ఆమె గంటసేపు నోరు విప్పలేదు. ముందున్న చాటలో కందికాయలుంటే ఇద్దరం వొలిచాం. చేతులు ఆడుతుంటే మాట దానంతటదే వస్తుందని ఇప్పటికి తెలుసు నాకు. "ఎర్ర మందు నీక్కూడా ఎక్కించారా?" అంది చివరికి. ఆ తర్వాత గోడ దగ్గరికి తీసుకుపోయి సాలీడు నడక చూపించాను. గీత గీద్దామంటే బొగ్గు లేదు. అందరివీ గ్యాసు పొయ్యిలే. వాళ్ళత్త ఇల్లంతా వెతికి, మనవడి పలక మీది బలపం పట్టుకొచ్చింది. మార్కాపురం పలకే, చెక్క చట్రం ఊడిపోయింది. గోడకి నీలం రంగు కనక తెల్ల గీత బాగానే కనబడింది, గడ్డానికి బెత్తెడు పైన.

"అంతేనా" అంటూ అత్త ముందుకొచ్చింది. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయిన మనిషి. కోడల్ని పక్కకి జరిపి, తనూ వేళ్ళు గోడకానించి పైకి నడిపించింది. ఆమె గీత కోడలి గీతకన్నా జానెడు కిందనే ఆగింది.

"బలపం ఇట్టా తే" అంది కోడలు.