లేయా నవ్వు

ఫ్రెంచి స్త్రీలకు హుందాగా ముసలివాళ్లు కావడం తెలుసని ఒక పేరుంది. మితంగా తినడం, నిటారుగా నడవడం, మెడకో పట్టు రుమాలు. సంగతి ఇంతేననుకునేవాణ్ణి, కొలెట్ నవల ‘షెరీ’ (1920), దాని కొనసాగింపు ‘షెరీ అంతం’ (1926) ఇంగ్లీషులో చదివేదాకా.

మొదటి నవలలో లేయాకు యాభయ్యేళ్లు దగ్గరపడ్డాయి. తనలో సగం వయసున్న ప్రియుడు షెరీకి సడలిన మెడ కంటపడుతుందని రాత్రిళ్లు ముత్యాల దండ తీసేస్తుంది. రెండోదాంట్లో, యుద్ధం ముగిశాక, షెరీ ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. నెరిసిన పొట్టి జుట్టు, బరువెక్కిన ఒళ్లు, పెద్ద నవ్వు. దాచుకోవడానికి లేయా దగ్గర ఇంకేమీ లేదు.

ఆ ఘట్టాన్ని కొలెట్ షెరీ కళ్లతోనే చూపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు వాడితోపాటు నేనూ మొహం చిట్లించాను. మా అమ్మ తలకు రంగు వేయడం మానేసిననాడు నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. మళ్లీ చదివితే లేయా నవ్వు వినిపించింది.

లేయా మనసులోకి మనల్ని తీసుకెళ్లకపోవడం లోటనుకున్నాను. ఇప్పుడు అది పాఠకుడి చూపుకు పెట్టిన పరీక్షనిపిస్తుంది. చివరికి ఆమె పడుచునాటి ఫొటోల మధ్య తుపాకి పేల్చుకునేది షెరీ. లేయా వయసును లేయా మోసుకుంది. మోయలేకపోయినవాడు ముప్పయ్యేళ్ల షెరీ.