రాళ్లు, చెట్లు, రసము

మొన్న ఆదివారమునాడు మా చెల్లెలి యింట భోజనములైన పిమ్మట ఆమె కుమారుడు తన ఫోనులోని ఒక ప్రకటనను గోడనున్న టీవీ మీదికి ఎక్కించి, "మామయ్యా, ఇది దేని ప్రకటనో చెప్పుకో చూద్దాం" అని నన్ను పరీక్షకు నిలిపెను. తెరమీద లిఫ్టు తలుపులు తెరచుకొన్నవి. కన్నులు చెదరు రంగుల దుస్తులు ధరించి, నవ్వన్నది ఎరుగని మొగములతో కొందరు గులాబివన్నె నేలమీద అడుగుపెట్టిరి. ఒకరి చేత పెద్ద సుత్తి, ఇంకొకరి చేత కుంచె. నడుమనడుమ ఉజ్జ్వలముగ జీవింపుడనియు, సామాన్యమును తుడిచివేయుడనియు అర్థమిచ్చు ఆంగ్లపు ముక్కలు వెలసి మాయమైనవి. అరనిమిషములో అంతయు ముగిసెను. గోడలకు వేయు రంగుల కంపెనీదని మా బావగారనిరి. బట్టల దుకాణముదని మేనకోడలనెను. నేను పెద్దరికమును కాపాడుకొనుటకై మౌనము వహించితిని. అది జాగ్వారు కార్ల ప్రకటన యనియు, 2024 నవంబరులో వెలువడినదనియు, 2008 నుండి ఆ కంపెనీ మన టాటా వారి చేతిలోనే యున్నదనియు మేనల్లుడు వివరింపగా, కాఫీ గ్లాసులు తెచ్చుచున్న మా చెల్లెలు గుమ్మములోనే ఆగి, "మరి కారేదిరా?" అనెను.

ఆ ప్రశ్న నాకు పరమానందము కలిగించెను. తానును కార్లమ్ముకొను ఎలాన్ మస్క్ సయితము ఆ ప్రకటనను చూచి, మీరు కార్లు అమ్ముదురా యని ఆ కంపెనీని నలుగురిలో అడిగెనట. ఈ శీర్షికను విడువక చదువు మిత్రులకు నా పట్టుదల తెలియనిది కాదు. మూడు మడతల శుభలేఖలో పన్నీరు చిలుకు వాక్యములన్నియు దాటిపోయి, ముహూర్తమెన్ని గంటలకో, కల్యాణమండపమే వీధిలోనో భూతద్దముతో వెదకుకొనవలసి వచ్చుటను గూర్చి నేనెన్ని వారములు వాపోయితినో వారెరుగుదురు. చెప్పవలసినది ముందు చెప్పుము, అలంకారము పిమ్మట చేయుము అనునది నా సిద్ధాంతము. దానికి మంచి సాక్ష్యము దొరకినదన్న ఉత్సాహముతో, ముప్పదియైదేండ్ల నాటి అమెరికా వ్యవహారము నొకదానిని మరల తిరుగవేసితిని.

జపానుకు చెందిన నిస్సాను కంపెనీ, ఇన్ఫినిటీ యను పేరున విలాసపు కార్లను 1989 నవంబరులో అమెరికాలో అమ్మకమునకు పెట్టెను. అంతకు రెండు నెలల ముందే టొయోటా వారు లెక్సస్ అను పేరున అదే అంగడిలో దిగియుండిరి. ఇన్ఫినిటీ కొరకు బోస్టను నగరపు హిల్ హాలిడే సంస్థవారు తీసిన టీవీ ప్రకటనలలో వానచినుకులు నీటిని తాకును. బాతుల బారు ఆకాశమున సాగిపోవును. చెట్లు, అలలు, బండరాళ్లు ఒకదాని వెంట నొకటి కన్నుల ముందు నిలుచును. వీని మీదుగా నొక పురుషస్వరము, తొందర యన్నది లేక, ప్రకృతిని గూర్చియు, సౌందర్యమును గూర్చియు, నిజమైన విలాసమన జపాను వారి భావనలో నేమో దానిని గూర్చియు ప్రసంగించును. ఎనిమిది సిలిండర్ల ఇంజనును 278 అశ్వశక్తియు గల క్యూ45 అను వాహనము మాత్రము తెరమీదికి రానేరాదు. జనులు తెల్లబోయిరి, పిమ్మట నవ్వుకొనిరి. ఇన్ఫినిటీ వారి పుణ్యమా యని దేశములో రాళ్లకును చెట్లకును అమ్మకములు విపరీతముగ పెరిగినవని హాస్యగాడు జే లెనో విసరిన చమత్కారము ఆ ప్రకటనల కంటె ఎక్కువ కాలము బ్రతికినది.

లెక్సస్ వారు చేసినది వేరు. కారును రోలర్ల మీద నిలిపి, దాని బానెట్టు మీద షాంపేను గ్లాసులను గోపురముగ పేర్చి, చక్రములను గంటకు 145 మైళ్ల వేగము వరకు తిప్పిరి. ఒక్క చుక్క తొణకలేదు. 1990లో లెక్సస్ కార్లు అమెరికాలో 63 వేలకు పైగా అమ్ముడుపోగా, ఇన్ఫినిటీవి అందులో సగమునకు లోపే. సూటిదనము గెలిచినది, నా సిద్ధాంతమును గెలిచినది అని వ్రాసి, వ్యాసమును ముగించి, హాయిగ నిద్రింపవచ్చునని తోచినది.

నిద్రింపనీయనివారు మా గురువుగారు. సంస్కృత కళాశాలలో మాకు అలంకారశాస్త్రము చెప్పిన ఆయన సాయంకాలపు పాఠమును గదిలో చెప్పక, పడమటి వసారాలో స్తంభమునకానుకొని, నస్యపు డబ్బీని మోకాలిమీద నిలబెట్టుకొని చెప్పెడివారు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశీయుడైన మమ్మటుడు ఉదాహరించిన వాక్యము వచ్చినది: సూర్యుడస్తమించినాడు. ఈ ఒక్క మాటయే పసులకాపరికి ఆవులను తోలుకొని రమ్మనియు, వర్తకునికి సరకులు సర్దుకొమ్మనియు, అనుష్ఠానపరునికి సంధ్య వార్చుకొమ్మనియు, ప్రియుని కొరకు వేచియున్నదానికి అతడింకను రాలేదనియు తోపించునని వివరించి, "మీకేమి తోచిందిరా?" అని ఒక్కొక్కరిని లేపి అడిగిరి. హాస్టలు పిల్లవాడు భోజనాల గంట కొట్టే వేళయినదనెను. పొరుగూరినుండి వచ్చువాడు చివరి బస్సు పోవునేమో యనెను. గురువుగారు మిక్కిలి సంతోషించి, "ఎవడి సూర్యుడు వాడికి అస్తమించాడు. అయితే అస్తమించిన సంగతి ముందు అందరికీ కనబడాలి" అనిరి. వెలుగు కావలసినవాడు దీపశిఖను జాగ్రత్త చేసికొనునట్లు, స్ఫురింపవలసిన అర్థమును, అనగా వ్యంగ్యమును, కోరు కవి ముందుగ వాచ్యార్థమును పదిలపరచుకొనునని, ఇట్టి స్ఫురణకు ధ్వని యని పేరిడి శాస్త్రము చెప్పిన ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పినదానిని కూడ ఆనాడే విప్పి చూపిరి.

ఆ మరునాడు కాబోలు, మా సహాధ్యాయి యొకడు తన అమ్మమ్మ మరణమును గూర్చి వ్రాసిన పద్యములను ఆయనకు వినిపించెను. ఛందస్సు నిర్దుష్టము, పాదపాదమునను శోకము, దుఃఖము, కరుణ. గురువుగారు అంతయు విని, ఒక పట్టు నస్యము పీల్చి, "నాయనా, శోకం అని నాలుగుసార్లు అన్నావు. నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ ఏం చేస్తూ ఉండేది?" అని అడిగిరి. వాడు కొంత తడబడి, "రోజూ పాల లెక్క వంటింటి గోడమీద బొగ్గుతో గీసేదండి. మొన్న పండక్కి ఇల్లంతా సున్నాలు వేయించాం గానీ, ఆ గోడ మాత్రం మా నాన్నగారు వద్దన్నారు" అనెను. వసారాలో ఎవరును మాటాడలేదు. కొంతసేపటికి గురువుగారు, "మరి అది పద్యంలో లేదేం?" అనిరి. రసమును దాని పేరుతోనే పిలిచి ఊరకుండుట దోషమనియు, స్వశబ్దవాచ్యత్వమని మమ్మటుడు రసదోషములలో మొట్టమొదట లెక్కించినది దీనినే యనియు, ఆ వసారాలో విన్న పాఠమును నేనింతవరకును మరువలేదు.

ఈ పాఠమును దగ్గర పెట్టుకొని ఆ రెండు ప్రకటనలను మరల తలపోయగా నా తీర్పు తారుమారైనది. లెక్సస్ ప్రకటన సూటియైనదని యెట్లనుకొంటిమి? బానెట్టు మీద గ్లాసుల గోపురమును పెట్టుకొని ఏ గృహస్థుడు ఏ ఊరికి ప్రయాణము కట్టును? కారుకును షాంపేనుకును సంబంధమేమి? తొణకని గ్లాసును చూచి ఇంజను వణకదని గ్రహించినవాడును, ఆ నిబ్బరము సిరిగలవారి నిబ్బరమని ఊహించుకొన్నవాడును ప్రేక్షకుడే. వాచ్యము ఎదుటనే యున్నది గనుక వ్యంగ్యమునకు అతడు తనంతట తానే నడిచి పోగలిగెను, పోయినందుకు తన బుద్ధిని తానే మెచ్చుకొనెను. ఇన్ఫినిటీ ప్రకటనలో గూఢముగ నున్నది కంటికి కనబడునంతవరకే. చెవిని పడునదంతయు బాహాటము. విలాసమును విలాసమనియు, సౌందర్యమును సౌందర్యమనియు పేరు పెట్టి పిలుచుచు, ఆ స్వరము మా సహాధ్యాయి పద్యమునే చదివినది. జాగ్వారు వారైతే ఆ పేర్లను అక్షరములుగ కూర్చి తెరమీదనే అచ్చొత్తించిరి. ఉజ్జ్వలముగ జీవింపుడని ఆజ్ఞాపించిన మాత్రమున ఎవ్వడు ఉజ్జ్వలుడగును?

కావున ఈ ప్రకటనలను అస్పష్టములని నిందించుట రోగమొకటైన మందొకటి యిచ్చుటయే. చూచినవారికి అర్థము కావలసినంతయు అయినది, కలుగవలసినదేదియు కలుగలేదు. ఏమియు కలుగనప్పుడు జనులు మర్యాదకు అర్థము కాలేదందురు, కవిసమ్మేళనములలో మనము చేయునదియు నదియే. కారేదియని అడిగిన వారందరి కోరిక తీర్చి, ఆ బండరాళ్ల నడుమ క్యూ45ను తెచ్చి నిలిపినను, పద్యములో శోకమను మాట అయిదవసారి చేరినట్లే యుండెడిది. నిస్సాను వారు కొన్నేండ్లకు తమ ఆల్టిమా కారు మీద లెక్సస్ వారి గ్లాసులనే పేర్చి చూపిరి. అది ఎరువు తెచ్చుకొన్న తెలివి.

శుభలేఖల విషయమున నా సిద్ధాంతమును సడలింపను; పెండ్లికి పోవువానికి కావలసినది రసము కాదు, చిరునామా. కాని విలాసమును అమ్మదలచినవానికి, దుఃఖమును చెప్పదలచినవానికి వలెనే, పేరు చెప్పక వస్తువును చూపుట తప్ప గత్యంతరము లేదు. జే లెనో ఇన్ఫినిటీ ప్రకటన నీరసమని విమర్శ వ్రాయలేదు. రాళ్ల బేరము, చెట్ల బేరము జోరుగ సాగుచున్నదని అంగడి వార్త చెప్పినాడు. ఆ వార్తను నమ్మి బండరాయి కొనబోయినవాడొక్కడును ఉండడు. దాని భావమును గ్రహింపనివాడును ఉండడు. అవే రాళ్లు, అవే చెట్లు. ఆ వ్యవహారమంతటిలో ధ్వనిమర్మము తెలిసినవాడు ఆయన యొక్కడే. ఆయనకు జీతమిచ్చుట నిస్సాను వారికి తోచలేదు.