యాత్ర ముగిసిన మరునాడు: ప్రపంచ యువజన దినోత్సవంపై ఒక వేదాంత పరిశీలన

ప్రస్తావన

రోమన్ కతోలిక సంఘం నిర్వహించే ప్రపంచ యువజన దినోత్సవం నేడు లోకంలో జరిగే అతి పెద్ద క్రైస్తవ యువజన కూడికలలో ఒకటి. 2023 ఆగస్టులో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జరిగిన ముగింపు ఆరాధనకు సుమారు 15 లక్షల మంది వచ్చారని అంచనా. తదుపరి కూడిక 2027 ఆగస్టులో దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో జరగవలసి ఉంది. ఇంతమంది యవ్వనస్థులను ఒక్కచోట చూచినప్పుడు ప్రొటెస్టెంటు కాపరులలో సాధారణంగా రెండు స్పందనలు కనబడతాయి. కొందరు అది కతోలికుల కార్యక్రమం గనుక మనకు సంబంధం లేదంటారు. మరికొందరు అంత జనసమూహాన్ని మనమెందుకు సమకూర్చలేకపోతున్నామని నిట్టూరుస్తారు. ఈ రెండూ పరీక్షించకుండా చెప్పే మాటలే. సమస్తాన్ని పరీక్షించి మేలైనదానిని చేపట్టమని అపొస్తలుడు బోధించాడు (1 థెస్స. 5:21). ఆ క్రమంలోనే ఈ పరిశీలన సాగుతుంది.

ఈ పరిశీలనను మేము చండ్రుగొండ నుండి చేస్తున్నాము. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోను, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను ఉన్న ఈ అటవీ సరిహద్దు మండలంలో కోయ గూడేల యవ్వనస్థులకు పాస్‌పోర్టు, వీసా, విమాన టికెట్టు అనేవి చాలా దూరపు మాటలు. కావున మా ప్రశ్న ఇది: ఒక యువజన యాత్ర విలువను దేనిని బట్టి తూచాలి? వచ్చినవారి సంఖ్యను బట్టియా, లేక దానికి ముందు నడిచిన త్రోవను, దాని తరువాత చేరిన ఇంటిని బట్టియా?

1. చారిత్రక నేపథ్యం

1983–84 విమోచన పరిశుద్ధ సంవత్సరం ముగింపులో, 1984 ఏప్రిల్ 22 ఈస్టరు దినాన, పోపు రెండవ జాన్ పాల్ ఒక పెద్ద కొయ్య సిలువను యవ్వనస్థులకు అప్పగించి, దానిని లోకమంతటా మోసికొనిపొమ్మని కోరారు. ఐక్యరాజ్య సమితి 1985ను అంతర్జాతీయ యువజన సంవత్సరంగా ప్రకటించింది. ఆ సంవత్సరాంతంలోనే పోపు ఈ దినోత్సవాన్ని స్థాపించగా, 1986 మట్టల ఆదివారాన మొదటిది జరిగింది. 1987లో బ్యూనస్ ఎయిరీస్‌తో మొదలై రెండు మూడేండ్లకొకసారి ఒక్కొక్క దేశంలో అంతర్జాతీయ కూడిక జరుగుతూ వచ్చింది. 1995 జనవరిలో మనీలాలో జరిగిన ముగింపు పూజకు 40 నుండి 50 లక్షల మంది వచ్చారని అంచనా. అంతర్జాతీయ కూడిక లేని సంవత్సరాలలో కూడా ప్రతి మేత్రాసనం తన స్థాయిలో దీనిని ఆచరిస్తుంది. 2021 నుండి ఈ స్థానిక ఆచరణ మట్టల ఆదివారం నుండి క్రీస్తు రాజు పండుగకు మారింది.

కార్యక్రమ క్రమాన్ని కూడా గమనించాలి. ప్రధాన కూడికకు ముందటి వారంలో యాత్రికులు ఆ దేశంలోని వివిధ మేత్రాసనాలలో, అనేకులు సామాన్య కుటుంబాల ఇండ్లలో బస చేస్తారు. తరువాతి వారంలో భాషలవారీగా బోధ, శుక్రవారం సిలువ మార్గం, శనివారం రాత్రి జాగరణ ప్రార్థన, ఆదివారం దివ్యబలిపూజ ఉంటాయి.

2. అంగీకరింపదగిన అంశాలు

మొదటిది, ఈ యాత్రకు ముందుగా నడిచేది ప్రసంగికుని చిత్రపటం కాదు, సిలువ. 2024 నవంబరు 24న లిస్బన్ యవ్వనస్థులు రోములో ఆ సిలువను కొరియా యవ్వనస్థులకు అప్పగించారు. ఒక తరం మోసినదాన్ని మరొక తరం భుజాన ఎత్తుకోవడం కన్నులకు కనబడే బోధ.

రెండవది, ఆతిథ్యం. పరదేశి యవ్వనస్థుని ఇంట చేర్చుకొని అన్నం పెట్టిన కుటుంబం కూడా ఆ యాత్రలో పాలుపొందుతుంది (హెబ్రీ 13:2). హోటలు గదులలో జరిగే సదస్సులకు ఈ మేలు దక్కదు.

మూడవది, పశ్చాత్తాపానికి ఇచ్చిన చోటు. లిస్బన్‌లో పాపసంకీర్తన కొరకు ఉంచిన 150 పీఠాలను పోర్చుగల్ జైళ్లలోని ఖైదీలు తయారు చేశారు. గురువు ఎదుట పాపసంకీర్తన అనే సిద్ధాంతంతో మనకు ఏకీభావం లేదు. అయినను, వేలమంది యవ్వనస్థులు పాటలు, చప్పట్లు ఆపి తమ పాపాలను ఒప్పుకోవడానికి కూర్చున్నారన్నది తేలికగా కొట్టివేయదగిన సంగతి కాదు.

3. వాక్యపు వెలుగులో అభ్యంతరాలు

ఈ దినోత్సవానికి హాజరై నియమిత షరతులను నెరవేర్చినవారికి రోమా సంఘం సంపూర్ణ ఇండల్జెన్సును ప్రకటిస్తూ వచ్చింది. 2013లో ప్రసార మాధ్యమాల ద్వారా భక్తితో వెంబడించినవారికి కూడా దానిని విస్తరించింది. న్యాయంగా చెప్పాలంటే, కతోలిక బోధ ప్రకారం ఇది పాపక్షమాపణకు వెల కాదు. క్షమింపబడిన పాపానికి మిగిలిన తాత్కాలిక దండన నుండి విడుదల. అయితే క్రీస్తు సంపూర్తి చేసిన కార్యానికి యాత్ర ద్వారా లభించే అదనపు మేలును చేర్చడం ఎఫెసీ 2:8–9తో పొసగదు. మన ప్రాంతంలో ఈ అభ్యంతరం మరింత బలమైనది. భద్రాచలం శ్రీరామనవమికి, మేడారం జాతరకు, గుణదల తిరునాళ్ళకు వెళ్లే జనం మధ్య యాత్ర అనగానే మొక్కు గుర్తుకు వస్తుంది. మొక్కు తీరితే లెక్క తీరిందనే తలంపుతో సువార్తను కలిపితే కృప అనే మాటకే అర్థం మారిపోతుంది.

రెండవ అభ్యంతరం కేంద్రాన్ని గూర్చినది. ముగింపు దినాన లక్షల కన్నులు ఒక వేదికవైపు, ఒక వ్యక్తివైపు తిరుగుతాయి. ఆరాధన ఈ కొండకో యెరూషలేముకో కట్టుబడినది కాదని ప్రభువు సమరయ స్త్రీతో చెప్పాడు (యోహాను 4:21–24). ఈ మాట పోపు వేదికకే గాక, ప్రసంగికుని నిలువెత్తు చిత్రాలతో జరిగే మన సువార్త మహాసభలకు కూడా వర్తిస్తుంది.

మూడవ అభ్యంతరం దీనులను గూర్చినది. ఇశ్రాయేలు యాత్రా పండుగలలో దాసుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు కూడా సంతోషించాలని ధర్మశాస్త్రం నియమించింది (ద్వితీ. 16:11, 14). ఖండాలు దాటి జరిగే యాత్రలో పేద దేశాల యవ్వనస్థుల పాలు ఎప్పుడూ స్వల్పంగానే ఉంటుంది. సంఘీభావ నిధి సమకూర్చినను ఆ దూరం పూర్తిగా తీరదు.

4. లూకా 1:39, లూకా 1:56

లిస్బన్ కూడికకు ఎన్నుకొన్న మూలవాక్యం లూకా 1:39. దేవదూత మాట విన్న మరియ లేచి యూదయ కొండసీమకు త్వరగా వెళ్లిన సందర్భమది. గ్రీకు మూలంలోని ‘స్పూదే’ అనే మాటకు వేగంతోపాటు శ్రద్ధ, ఆసక్తి అనే భావాలు కూడా ఉన్నాయి. రోమా 12:8, 11లో పౌలు సంఘసేవను గూర్చి ఇదే మాటను వాడాడు. యవ్వనస్థులకు ఇది తగిన వాక్యమే.

కాని లూకా ఈ వృత్తాంతాన్ని 39వ వచనంతో ముగించలేదు. మరియ రమారమి మూడు నెలలు ఎలీసబెతుతో ఉండి, పిమ్మట తన ఇంటికి తిరిగి వెళ్లినట్లు 56వ వచనం చెబుతుంది. అప్పటికి ఎలీసబెతుకు ఆరవ మాసం (1:36). వృద్ధాప్యంలో గర్భవతియైన బంధువు ఇంట మూడు నెలలు ఉండడమంటే ఏమిటో మన ఇండ్లలోని స్త్రీలకు వ్యాఖ్యానగ్రంథం లేకుండానే తెలుసు. స్తుతిగీతం పాడిన నోరే వంటింటి పనిలో కూడా ఉండియుంటుంది. లూకా దానిని వివరించకపోయినను, మూడు నెలల లెక్కను విడిచిపెట్టలేదు.

ఈ తిరుగు ప్రయాణం లూకా సువార్త అంతటా కనబడుతుంది. గొర్రెల కాపరులు తిరిగి వెళ్లారు (2:20). పన్నెండేండ్ల యేసు పస్కా పండుగ తరువాత నజరేతుకు తిరిగి వచ్చి తలిదండ్రులకు లోబడి యుండెను (2:51). దయ్యములు వదలినవాడు వెంబడి వస్తానని బతిమాలుకొనగా, ప్రభువు అతనిని ఇంటికి పంపి, దేవుడు చేసినదాన్ని అక్కడ తెలియజేయమన్నాడు (8:38–39). కావున యాత్ర నిజంగా ఫలించిందో లేదో తేలేది ముగింపు ఆరాధనలో కాదు, ఇల్లు చేరిన మరునాడు.

5. డోర్నకల్ సాక్ష్యం

కొత్తగూడెం రైలు మార్గం విడిపోయే డోర్నకల్ జంక్షన్ మనకు తెలిసినదే. ఆ ఊరి పేరుతో లోకమెరిగిన బిషప్ వి.యస్. అజరయ్య గారు యువజనోద్యమంలో నుండి వచ్చినవారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేశారు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య మహాసభకు వెళ్లారు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మిషనరీలు తమ ఆస్తిని, ప్రాణాన్ని ఇచ్చినను స్నేహాన్ని ఇవ్వవలసి ఉన్నదని ధైర్యంగా అడిగారు.

ఈ రెండు సభలకు ముందు, వెనుక ఏమున్నదో చూడాలి. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ఆయన ముందున్నారు. 1909లో అభిషేకం పొంది, తమిళుడై యుండి తెలుగు నేర్చుకొని, డోర్నకల్ పల్లెల మధ్య కాపురముండడానికి వచ్చారు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. బాప్తిస్మం పొందేవారు తమ చేయి తమ తలపై ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు మాటను (1 కొరింథీ 9:16) పలికే క్రమాన్ని పెట్టారు. ఆయన పరిచర్య టోక్యోలో మొదలు కాలేదు, ఎడిన్‌బరోలో ముగియలేదు. అంతర్జాతీయ సభ ఆయనకు మజిలీ మాత్రమే. ఆయన చేరినది మాల మాదిగ వాడలకు.

6. అటవీ సరిహద్దు సంఘాలకు కొన్ని సూచనలు

(అ) కూడిక తేదీని గూడెం పనులను బట్టి నిర్ణయించాలి. వేసవి సెలవులని మే నెలలో శిబిరం పెడితే, అది తునికాకు కోసే కాలం. ఆ కొద్ది దినాల కూలి అనేక కుటుంబాలకు ఆధారం. ఆ సమయంలో రాని యవ్వనస్థుని భక్తిలేనివాడని ఎంచడం అన్యాయం.

(ఆ) శిబిరాన్ని హాస్టలులో కాక ఇండ్లలో జరపాలి. చండ్రుగొండ, కొత్తగూడెం యవ్వనస్థులు కోయ విశ్వాసుల ఇండ్లలో రెండు రాత్రులుండి, వారు పెట్టినది తిని, ఒక పాటనైనా వారి భాషలో నేర్చుకోవాలి. దుమ్ముగూడెంలో సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దంలోనే కోయ భాష నేర్చుకొని, దానిని గూర్చి వ్రాశారు. అజరయ్య గారు అడిగిన స్నేహానికి ఇది మొదటి మెట్టు.

(ఇ) కూడిక తరువాతి మూడు నెలలకు ముందుగానే ఏర్పాటు చేయాలి. ప్రతి యవ్వనస్థునికి ఒక పెద్దను, ఒక పనిని అప్పగించాలి. చదువురాని వృద్ధులకు వాక్యం చదివి వినిపించడం, రోగిని ఆసుపత్రికి తోడ్కొనిపోవడం, పిల్లలకు సాయంకాలం చదువు చెప్పడం వంటివి చాలు.

(ఈ) బల్లలో, ఇండల్జెన్సులో ఏకీభావం లేకపోయినను, ఇట్టి సేవలో కతోలిక యవ్వనస్థులతో కలిసి పనిచేయడానికి మనకు అడ్డేమీ లేదు.

ముగింపు

మనకిక్కడ నిలువరమైన పట్టణం లేదు. రాబోవుదానిని వెదకుచున్నాము (హెబ్రీ 13:14). ఆ అర్థంలో సంఘమంతా యాత్రికుల సమూహమే. సియోల్‌కు వెళ్లేవారిని దేవుడు క్షేమంగా నడిపించును గాక. వెళ్లలేని మన గూడేల యవ్వనస్థులు మాత్రం యాత్రకు దూరమైనవారు కారు. మరియ నడిచిన కొండదారి వంటిది వారి గడప ముందే ఉంది. ఆ దారి చివర ఏ ఎలీసబెతు ఎదురుచూస్తున్నదో చూపించి, అక్కడ మూడు నెలలు నిలిచేలా వారిని బలపరచడం కాపరి పని. తలల లెక్క వ్రాసుకొనే పుస్తకం పక్కన, తిరిగివచ్చి నిలిచినవారి లెక్క వ్రాసే పుస్తకం కూడా ప్రతి సంఘంలో ఉండాలని మా మనవి.