పిన్ వెనక ఒక్క వరుస

కేపీహెచ్‌బీ కాలనీలో ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా కంప్యూటర్ తెర ఎడమ పక్కన పిన్ చేసిన ఫోల్డర్లు బారుగా కనిపిస్తాయి: రెజ్యూమెలు, ఆధార్, డౌన్‌లోడ్స్. జనం నిలబడి ఉన్నప్పుడు పని నడిపించేది ఆ పట్టీయే. ఓ రోజు హాస్టల్ కుర్రాడొకడు షాపతన్ని అడిగాడు: "అన్నా, ఇది అన్‌పిన్ చేస్తే లోపలి ఫైళ్లు పోతాయా?"

పోవు. పిన్ చేస్తే ఫోల్డర్ కదలదు, కాపీ కూడా కాదు. అదెక్కడుందో చెప్పే చిరునామా మాత్రం నమోదవుతుంది. నాకు ఆసక్తి ఆ నమోదు మీదే.

ఉబుంటులోని గ్నోమ్ ఫైల్స్ అనే ఫైల్ మేనేజర్‌లో ఫోల్డర్ తెరిచి కంట్రోల్, డి నొక్కితే, హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, జీటీకే-3.0 కింద ఉన్న బుక్‌మార్క్స్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఒక వరుస చేరుతుంది. అంతే. చిరునామా తర్వాత ఖాళీ వదిలి మనకు నచ్చిన పేరు రాస్తే పట్టీలో ఆ పేరే కనబడుతుంది.

'అమ్మ' అనే ఫోల్డర్‌ను పిన్ చేసి ఆ ఫైలు తెరిచి చూశాను. అ, మ, పొల్లు, మళ్లీ మ: నాలుగు యూనికోడ్ సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు. చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది. రెండక్షరాల అమ్మ అక్కడ 36 గుర్తులై కూర్చుంది! పట్టీలో మాత్రం అమ్మే. ఫోల్డర్‌కు తెలుగు పేరు పెడితే ఎక్కడో చెడుతుందని జంకేవాళ్లకు నేను చూపించేది ఈ వరుసనే.

విండోస్ 7లో ఫేవరెట్స్ అనే పిన్‌లన్నీ లింక్స్ అనే ఫోల్డర్‌లో విడివిడి షార్ట్‌కట్లుగా ఉండేవి. 2015లో విండోస్ 10తో క్విక్ యాక్సెస్ వచ్చాక పిన్‌లన్నీ ఒకే బైనరీ ఫైల్లోకి చేరాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏమీ అర్థం కాదు. అది చెడితే పిన్‌లన్నీ ఒక్కసారే పోతాయి. తరచూ తెరిచే ఫోల్డర్లను క్విక్ యాక్సెస్ తానే వెతికి చూపించడం సౌకర్యమే, కాదనను. కానీ నేను ఎంచుకున్న చిరునామాలను నేనే చదవలేకపోవడం నాకు నచ్చదు.

టెక్స్ట్ ఫైలుకూ ఓ లోటుంది. గ్నోమ్ ఫైల్స్ మూసి ఉండగా టెర్మినల్ నుంచి ఫోల్డర్‌ను వేరేచోటికి మారిస్తే వరుసలో పాత చిరునామాయే మిగులుతుంది, రూము ఖాళీ చేసినవాడి పేరు మీద హాస్టల్‌కు కొరియర్ వస్తూనే ఉన్నట్టు. అయితే దాన్ని దిద్దడానికి ఎడిటర్ చాలు. కొత్త మెషీన్‌కు మారేటప్పుడు ఆ ఒక్క ఫైలు కాపీ చేసుకుని, యూజర్ పేరు వేరైతే ప్రతి వరుసలోనూ మార్చేస్తాను.