చిన్న చేతికి చిన్న పిస్టల్ కాదు

ఆదివారాలు రేంజ్‌లో పిల్లలకు నేర్పుతుంటాను గనుక తల్లిదండ్రుల ప్రశ్నలు నాకు కొత్త కాదు. ఎయిర్ పిస్టల్‌తో స్కోరు కాస్త కుదుటపడగానే పిల్లల మనసు తూటా పేల్చే పాయింట్ 22 పిస్టల్ మీదికి పోతుంది. వెంటనే నాన్నగారు పక్కకొచ్చి అడుగుతారు: "సార్, మా పాప చెయ్యి చిన్నది. చిన్న పిస్టల్ ఏదైనా చెప్పండి." ఆయన తప్పేం లేదు. చెప్పులైనా సైకిలైనా పిల్లలకు అలాగే కొంటాం. పిస్టల్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది.

గురి చూడటమంటే వెనక సైటు గాడినీ ముందు సైటునూ ఒక వరసలో పెట్టడం. ఈ రెండింటి మధ్య దూరం 25 మీటర్ల పోటీ పిస్టళ్లలో 220 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. అంత ఉన్న పిస్టల్‌లో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ మీద దెబ్బ 11 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. జేబులో పట్టే బుల్లి పిస్టల్‌లో ఆ దూరం 100 మిల్లీమీటర్లే అనుకోండి, అదే పొరపాటుకు 25 సెంటీమీటర్లు పోతుంది. ప్రిసిషన్ టార్గెట్‌లో పదో వలయం అడ్డంగా 5 సెంటీమీటర్లే. పిల్ల చేసిన తప్పు అంతే, పడే శిక్ష మాత్రం రెట్టింపు. పైగా తేలికపాటి పిస్టల్ పేలిన ప్రతిసారీ ఎక్కువ ఎగురుతుంది.

అలాగని బరువైనది చేతిలో పెట్టెయ్యలేం. నిబంధనల ప్రకారం 1,400 గ్రాముల దాకా ఉండొచ్చు గానీ, ఒంటిచేత్తో చాచి పట్టుకోవాలంటే పదమూడేళ్ల భుజానికి అది చాలా ఎక్కువ. బరువెంతో అన్నంత ముఖ్యం, ఆ బరువు ఎక్కడుందో అన్నది. వాల్తర్ జీఎస్‌పీ, పార్డినీ ఎస్‌పీల్లో మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందుంటుంది, బరువు ముందుకు లాగుతుంది. పెద్దవాళ్లకు అది నిలకడనిస్తుంది. పిల్లలకు సిరీస్ సగంలోనే బ్యారెల్ కిందికి వాలుతుంది. పాత హేమర్లీ 208లో మ్యాగజైన్ పిడిలోనే ఉంటుంది, బరువు చేతి దగ్గరే ఆగుతుంది. బ్యారెల్ దగ్గర విడిగా బిగించే బరువులుంటే మొదట తీసేసి, భుజం గట్టిపడ్డాక ఒక్కొక్కటే కలపొచ్చు.

చేతికి సరిపోయిందా లేదా చూడటానికి నేను పెట్టే పరీక్ష సులువు. పిస్టల్ ఖాళీ, ఛాంబర్‌లో నారింజరంగు సేఫ్టీ ఫ్లాగ్. పాప టార్గెట్ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, చెయ్యెత్తి, అప్పుడు కళ్లు తెరవాలి. ముందు సైటు గాడి మధ్యలోనే కనబడితే గ్రిప్ కుదిరినట్టు. ఓ పక్కకు పోతే గ్రిప్పే ఆమె మణికట్టును తిప్పుతోంది. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద నేరుగా ఆనాలి. దానికోసం వేలు సాగదీయాల్సి వస్తే ఆ పిస్టల్ ఎంత పేరున్నదైనా వద్దు. చెక్క గ్రిప్పులు సైజులవారీగా దొరుకుతాయి. లోటున్నచోట ఎం-సీల్ ముద్ద పెట్టి, ఆరాక ఆకురాయితో అరగదీసుకోవచ్చు.

ఇక ట్రిగ్గర్. ఈ పోటీలో అది కనీసం 1,000 గ్రాముల బరువును ఎత్తగలగాలి. ఎయిర్ పిస్టల్‌లో 500కే అలవాటుపడిన వేలికి ఇది మొండిగా అనిపిస్తుంది, "కాస్త తగ్గించండి సార్" అంటారు. ఎంత బతిమాలినా నేను తగ్గించను. ఆ కిలోను మెల్లగా, ఒకే తీరున నొక్కడమే వాళ్లు నేర్చుకోవాల్సిన పని.

తూటా పిస్టళ్లలో పాయింట్ 22 లాంటి రిమ్‌ఫైర్‌తోనే మొదలుపెట్టడానికి అసలు కారణం భయం. పాయింట్ 22 లాంగ్ రైఫిల్ బుల్లెట్ రెండున్నర గ్రాముల పైచిలుకే, చేతికి తగిలే తన్ను తక్కువ. అయినా చప్పుడుకు ముందే బిగుసుకుపోయే అలవాటు కొందరికి పడుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఐదు తూటాల మధ్య ఎక్కడో ఒక ఉత్తి తూటా కలుపుతాం. వరస పిల్లకు తెలియదు. ఉత్తిది వచ్చినప్పుడు టక్‌మని ఊరుకోవాల్సిన పిస్టల్ ముక్కు కిందికి పొడుచుకుంటుంది. పేలలేదు కదా, మరి ఎందుకు వంగింది? పాపే చూసుకుని నవ్వేస్తుంది, నేను నోరు విప్పక్కర్లేదు. పెద్ద క్యాలిబర్‌తో మొదలైతే ఈ జబ్బు ముదిరాకగాని బయటపడదు.

ఒక జాగ్రత్త. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పంటించే మందు అడుగు అంచులో ఉంటుంది, పిన్ను ఆ అంచు మీదే కొట్టాలి. ఖాళీగా నొక్కితే కొన్ని పాత పిస్టళ్లలో ఆ దెబ్బ ఛాంబర్ అంచుకు తగిలి సొట్ట పడుతుంది. తూటా లేకుండా చేసే సాధనే ఎక్కువ గనుక, డ్రై ఫైర్ ఏర్పాటు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం తెచ్చినప్పటి నుంచి "ఆ అమ్మాయిది ఏ కంపెనీ?" అన్న ప్రశ్న ఎక్కువైంది. కంపెనీ పేరు తెలిసినా ఆ చెయ్యి మీకు రాదు కదండీ.

ఎలాగూ వెంటనే కొనలేరు. మామూలు లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, అంతకన్నా చిన్నవాళ్లది పెద్దల పర్యవేక్షణలో శిక్షణే. దిగుమతికి స్కోరును బట్టి వచ్చే గుర్తింపులూ కాగితాలూ కావాలి. ఆ వ్యవధి మంచిదే అంటాను. ఈలోగా క్లబ్‌లో ఉన్న రెండు మూడు రకాలూ పాప చేత కాల్పించండి, ఏది ఎలా వచ్చిందో నోట్‌బుక్‌లో రాయించండి. కొనే రోజు వచ్చేసరికి ఏది కావాలో మీకన్నా, నాకన్నా ఆమే బాగా చెప్పగలదు.